చిన్నాన్న కోసం పెట్టిన పేజీ

ఆ రోజు మెట్రిక్ ఫలితాలు వచ్చాయి. రాయగడలో అప్పటికి ఇంటర్నెట్ ఉన్న దుకాణాలు మూడో నాలుగో ఉండేవి. వాటిలో ఒకటి నాది. నాన్న చింతపండు గోదాముకు ముందువైపున్న గదిలో మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక స్కానరు పెట్టుకుని పెళ్లిపత్రికలు, దరఖాస్తులు టైపు చేసి ఇచ్చేదాన్ని. పొద్దున్న తొమ్మిదింటికే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ రోల్ నంబరు చీటీలు పట్టుకుని రోడ్డు దాకా నిలబడ్డారు. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి పదేసి నిమిషాలు పడుతోంది. అందరూ నా భుజం మీదుగా తెరలోకి తొంగి చూస్తున్నారు.

చిన్నాన్న గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం దాకా ఆయనను కనిపెట్టుకుని ఉండడం నా వంతు. ఒకసారి తలెత్తి చూశాను, ఉన్నాడు. ఒక పిల్ల లెక్కల్లో తప్పి గోడకు ఆనుకుని ఏడుస్తుంటే లేచి మంచినీళ్లు ఇచ్చాను. మళ్లీ చూసేసరికి స్టూలు మీద ఎవరో పెద్దాయన కూర్చుని చీటీతో విసురుకుంటున్నాడు.

చిన్నాన్న మా నాన్నకు ఒక్కడే తమ్ముడు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఒరిస్సాకు వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నాన్న దుకాణంలో కూర్చునేవాడు. చిన్నాన్న సంతలు తిరిగేవాడు. బంధుగాం, దసమంతపూర్, ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లు. చింతపండు, పసుపు, కొండచీపుళ్లు కొనుక్కొచ్చేవాడు. పెళ్లి చేసుకోలేదు. కొండవాళ్లతో వాళ్ల దేశియా మాటే మాట్లాడేవాడు, వాళ్ల పక్కన కూర్చుని ఆకుదొప్పలో అంబలి తాగేవాడు. నా చిన్నప్పుడు, తొంభైలలో, సెలవుల్లో నన్ను జీపులో బంధుగాం సంతకు తీసుకెళ్లేవాడు. ఆయన రాలేదని వేరేవాళ్లకు అమ్మకుండా బుట్టలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను నేను చూశాను.

ఇంటర్ అయ్యాక నాన్న నా చదువు చాలన్నాడు. చిన్నాన్న ఒప్పుకోలేదు. "అమ్మికి తెలివుంది అన్నయ్యా. ఇశాపట్నం పంపు. కంప్యూటర్ సదువుకుంటాది. నీకు తీరకపోతే నేనే దిగబెట్టి ఒస్తాను" అన్నాడు. అన్నట్టే ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని వచ్చి నన్ను హాస్టల్లో దించి వెళ్లాడు.

నేను చదువు ముగించుకుని వచ్చిన ఏడాది, దసమంతపూర్ దగ్గర లారీలో బస్తాల మీద నుంచి ఆయన తల్లకిందులుగా పడ్డాడు. రెండు నెలలు విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. మనిషి నడిచి ఇంటికొచ్చాడు కానీ మాటలు రాలేదు. నాలుగే మిగిలాయి. అమ్మి, పద, రాయగడ, బంధుగాం. ఆకలేసినా బంధుగాం అనేవాడు, నిద్రొచ్చినా బంధుగాం అనేవాడు. మేం ముఖం చూసి ఏం కావాలో కనుక్కునేవాళ్లం. సాయంత్రాలు స్టేషనుకు వెళ్లి రైళ్లు చూసి వచ్చేవాడు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్లకు ఆయన తెలుసు, చీకటి పడితే ఇంటివైపు తిప్పి పంపేవాళ్లు. కానీ ఆ రోజు ఆయన వెళ్లింది సాయంత్రం కాదు, పట్టపగలు. నేను స్టేషనుకు పరిగెత్తేటప్పటికి రెండు రైళ్లు వెళ్లిపోయాయి. ఒకటి విజయనగరం వైపు, ఒకటి రాయపూర్ వైపు.

నాన్న గోదాములోంచి వచ్చి నా ముఖం చూశాడు. "ఏటమ్మి, ఆడేడి?" అన్నాడు. స్టేషన్లో లేడన్నాను. ఆయన చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

నాన్న రెండు వైపులా వారం వారం చొప్పున తిరిగాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. కరపత్రం నేనే తయారు చేశాను. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు, నాలుగు భాషల్లో. మధ్యలో చిన్నాన్న ఫొటో, చుట్టూ ఎర్రగీత. చాలా శ్రద్ధగా చేశాను. స్టేషన్లలో అతికించాం. వానలు మొదలై కాగితాలు గోడల మీదే నానిపోయాయి.

అప్పుడే నాకు వెబ్‌సైటు ఆలోచన వచ్చింది. ఉచితంగా చోటు ఇచ్చే సైటు ఒకటి ఉండేది. కరపత్రాన్ని స్కాను చేసి అందులో పెట్టాను. అడుగున ఎంతమంది చూశారో చెప్పే చిన్న అంకెల పెట్టె ఒకటి అతికించాను, కౌంటరు అంటారు. నాన్నను పిలిచి చూపించాను.

"ఇప్పుడు దేశంలో ఎక్కడున్నవాళ్లయినా దీన్ని చూడొచ్చు నాన్నా" అన్నాను.

ఆయన తెరలో తమ్ముడి ముఖాన్ని చాలాసేపు చూశాడు. "సూడొచ్చు సరే. సూత్తారా?" అన్నాడు.

చూస్తారనే అనుకున్నాను. రోజూ పొద్దున్న దుకాణం తీయగానే ముందు ఆ పేజీ తెరిచేదాన్ని. కౌంటరు అంకె ఒకటో రెండో పెరిగి ఉండేది. దీపావళికి రెండు వందలు దాటింది. రెండు వందల మంది చూసి ఒక్కరూ ఫోను చేయలేదేమిటని బాధపడి, విశాఖపట్నంలో నాకు పాఠం చెప్పిన మాస్టారికి ఫోను చేశాను. ఆయన ఫోను పట్టుకునే తన కంప్యూటరు ముందు కూర్చున్నారు.

"ఏ మాటలతో వెతకమంటావు?"

"రాయగడ, మిస్సింగ్. ఇంగ్లీషులో కొట్టండి మాస్టారూ."

కీబోర్డు టకటక వినిపించింది. "మొదటి పేజీలో లేదమ్మా" అన్నారు. ఇంకాసేపటికి, "అయిదో పేజీ దాకా చూశాను, లేదు" అన్నారు. తర్వాత, "పదిలోనూ లేదు. నువ్వు అడ్రసు చెప్పు, నేరుగా తెరుస్తాను."

చెప్పాను. తెరిచి చూసి నిట్టూర్చారు. "ఇదంతా బొమ్మ కదమ్మా. నువ్వు కరపత్రాన్ని ఫొటో తీసినట్టు తీసి పెట్టావు. మనం చదవగలం, సెర్చ్ ఇంజిన్ చదవలేదు. దానికి టైపు చేసిన అక్షరాలు కావాలి. నీ పేజీ దానికి తెల్ల కాగితంతో సమానం."

"మరి ఆ రెండు వందల మంది?"

"రోజూ నువ్వు తెరుస్తున్నావు కదా" అన్నారు.

అన్నీ నావే. నాలుగు నెలల పాటు ఆ పేజీ చూసింది దాదాపు నేనొక్కదాన్నే. నాన్నకు ఆ సంగతి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజే అక్షరం అక్షరం టైపు చేసి పెట్టాను. ఎత్తు, రంగు, ఎడమ కనుబొమ మీద మచ్చ, వేసుకున్న గళ్ల చొక్కా. మూడు వారాలకు మా పేజీ సెర్చ్ ఇంజిన్‌లో కనపడింది. ఏడో పేజీలో, అడుగున. సంతోషంగా మాస్టారికి చెప్పాను.

"ఏడో పేజీకి ఎవరొస్తారమ్మా?" అన్నారు ఆయన మెల్లగా. "నువ్వేదైనా వెతికినప్పుడు రెండో పేజీ దాకా ఎన్నిసార్లు వెళ్లావో గుర్తు తెచ్చుకో."

ఒక్కసారి కూడా వెళ్లినట్టు గుర్తు రాలేదు. ఆ వారమంతా దుకాణానికి వచ్చినవాళ్లను గమనించాను. ఒకాయన కూతురి కోసం నర్సింగ్ కాలేజీ వెతికాడు. మొదటిది నొక్కాడు, రెండోది నొక్కాడు, నాలుగోది చూసి కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకాయన పంపుసెట్టు విడిభాగం కోసం చూసి, పైన నాలుగైదు చూసి, "నేదు" అని లేచిపోయాడు. కింద ఇంకా చాలా ఉన్నాయని చెప్పబోయి ఆగిపోయాను. వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా తర్వాతి పేజీ నొక్కలేదు.

పైకి రావాలంటే నలుగురూ చూసే సైట్లు మా పేజీకి దారి చూపించాలని మాస్టారు చెప్పారు. అలా దారి చూపించడాన్నే లింకు అంటారు. కొరాపుట్‌లో ఒక లెక్చరరుగారు ఆ కొండల గురించి, సంతల గురించి ఒక సైటు నడిపేవారు. మా ప్రాంతం గురించి ఏం వెతికినా ముందు ఆయనదే వచ్చేది. ఆయనకు రెండు మెయిళ్లు రాశాను. జవాబు రాలేదు. డిసెంబరులో ఒకరోజు నాన్నా నేనూ రైలెక్కి కొరాపుట్ వెళ్లాం. చలిగా ఉంది. ఆయన ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి వాకిట్లో ఎండకు కూర్చుని ఉన్నారు.

ఒడియాలో మా సంగతి చెప్పాం. ఆయన మర్యాదగా విన్నారు. "నా సైటుకు ప్రయాణాలు చేసేవాళ్లు వస్తారమ్మా. జలపాతాల ఫొటోల మధ్య ఇలాంటిది పెడితే ఎలా ఉంటుందో" అన్నారు.

నాన్నకు కోపం వచ్చిందో దుఃఖం వచ్చిందో తెలియదు. జేబులోంచి చిన్నాన్న ఫొటో తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. తర్వాత లేచి లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చారు.

"ఈయన నాకు తెలుసు" అన్నారు. "బంధుగాం సంతలో దేశియా మాటలు సేకరిస్తుంటే పక్కన కూర్చుని చెప్పాడు. దుంపల పేర్లు, గడ్డల పేర్లు. ఇందులో సగం ఆయన చెప్పినవే. పేరు అడిగితే నవ్వి వెళ్లిపోయాడు."

నాన్న ఆ నోటుపుస్తకం పేజీలు తిప్పాడు. ఆయనకు ఒడియా చదవడం సరిగా రాదు. అయినా చివరి దాకా తిప్పాడు. మేం అక్కడ ఉండగానే లెక్చరరుగారు తన సైటు మొదటి పేజీలోనే మా పేజీకి లింకు పెట్టారు.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. రెండు వారాలకు మూడో పేజీకి వచ్చాం. ఇంకో నెలకు మొదటి పేజీలో, పైనుంచి మూడోది. అంతవరకు రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్లు. మొదటి పేజీకి చేరిన వారంలో రోజుకు నలభై, యాభై. నేను ఒక్క అక్షరం మార్చలేదు. అదే ఫొటో, అదే మచ్చ, అదే గళ్ల చొక్కా. మారింది చోటు ఒక్కటే. ముందే ఆ చోటు దొరికి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని.

ఫోన్లు కూడా మొదలయ్యాయి. రాయగడలో మంచి లాడ్జి ఏది అని అడిగినవాళ్లే ఎక్కువ. రాయపూర్ నుంచి ఒకాయన మీవాడు మా బజార్లో ఉన్నాడన్నాడు. నాన్న ఆ రాత్రి రైలుకే వెళ్లాడు. ఇంకెవరో ముసలాయన. నాన్న తన దుప్పటి ఆయనకు కప్పి తిరిగొచ్చాడు. "మనోడు కాదమ్మి" అన్నాడు, అంతే. ఆ చలికాలమంతా మళ్లీ దుప్పటి కొనుక్కోలేదు.

కౌంటరుతో పాటు, వచ్చినవాళ్లు ఏం మాటలు కొట్టి వచ్చారో కూడా కనపడేది. ఆ జాబితా చూస్తుంటే మా ఊరి పేరు ఇన్ని రకాలుగా రాస్తారా అనిపించింది. అదే రోజుల్లో కాగితం మిల్లులో పనిచేసే ఒక మహారాష్ట్ర ఇంజనీరు దుకాణానికి వచ్చేవాడు. మాటల్లో ఒకసారి అన్నాడు, "నేను రాయగడలో ఉన్నానంటే మా అమ్మ మన రాయ్‌గఢ్‌లోనేనా అని సంబరపడింది. మా వైపు ఒక జిల్లా ఉంది ఆ పేరుతో, కోట కూడా ఉంది."

నేను టైపు చేస్తున్నది ఆపేశాను. చిన్నాన్న రాయపూర్ రైలెక్కి ఇంకా ముందుకు వెళ్లిపోయి ఉంటే? అక్కడ ఎవరైనా నీ ఊరేదని అడిగితే రాయగడ అంటాడు. వినేవాళ్లు తమకు తెలిసిన పేరే రాసుకుంటారు.

ఆ పేరు కొట్టి చూశాను. కోట, కోట మెట్లు, కోట దగ్గర హోటళ్లు. పేజీల తరబడి అవే. మా పేజీ ఎక్కడా లేదు. ఊరి పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాసి మా పేజీలో చేర్చాను. ఆయన తిరిగిన సంతల పేర్లన్నీ కూడా చేర్చాను. మాఘమాసం చివర కోట పేరు మీద మా పేజీ పంతొమ్మిదో పేజీలో తేలింది. ఎంతమందిని బతిమాలి లింకులు పెట్టించినా పద్నాలుగు దాటి పైకి రాలేదు. వేల మంది ఎప్పటినుంచో పాతుకుపోయిన చోటు అది.

బంధుగాం అన్న మాట మీద మాత్రం పెట్టిన వారానికే మాదే మొదటిది. ఆ పేరు మీద ఒక ప్రభుత్వ జాబితా తప్ప ఎవరూ ఏమీ రాసి ఉండలేదు. నాన్నతో చెప్పాను.

"ఎవుడు కొడతాడమ్మి ఆ మాట?" అన్నాడు.

నిజమే అనుకున్నాను. ఆ సంగతి మరిచిపోయి కోట పేరుతోనే కుస్తీ పట్టాను.

జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆడమనిషి గొంతు, హిందీ. నాగపూర్ దాటాక ఒక ఊళ్లో దిక్కులేనివాళ్లను చూసుకునే ఆశ్రమం నుంచి మాట్లాడుతున్నానని చెప్పింది. తర్వాత చాలా జాగ్రత్తగా అడిగింది.

"బంధుగాం అన్నది ఊరి పేరా అండీ?"

"ఊరే" అన్నాను.

"నాకు తెలియలేదు" అంది. "మా మరాఠీలో బంధు అంటే సోదరుడు, గావ్ అంటే ఊరు. బంధు గావ్ అంటుంటే అన్న ఊరికి వెళ్తానంటున్నాడు అనుకున్నాం." ఆపైన చెప్పాల్సింది చెప్పింది. చైత్రంలో జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది, మూడు రోజులు. ఆసుపత్రిలోనే పోయాడు. నియమం ప్రకారం కొన్నాళ్లు ఉంచి, ఎవరూ రాకపోతే దహనం చేశారు. ఇప్పుడు కాగితాలు పూర్తి చేస్తుంటే సొంత ఊరు అన్న గడి ఖాళీగా ఉంది. ఆయన అనే మాటే అందులో రాద్దామని, రాసే ముందు ఎందుకో కంప్యూటర్లో కొట్టి చూసింది. మొదటి వరుసలోనే ఆయన ఫొటో వచ్చింది.

నాన్నకు నేనే చెప్పాను. గోదాములో బస్తా మీద కూర్చుని విన్నాడు. "ఎప్పుడు?" అన్నాడు. చైత్రంలో అన్నాను. "అయితే శీతాకాలం ఎల్లింది" అన్నాడు. చలికి బాధపడలేదనో ఏమో, నాకు అర్థం కాలేదు.

ఇద్దరం వెళ్లాం. ఫోను చేసినామెది ఇంచుమించు నా వయసే. చిన్న గది, బీరువా నిండా ఫైళ్లు, మూల ఒక కంప్యూటరు. ఆమె మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది. చిన్నాన్న చొక్కా ఒకటి ఉతికి మడత పెట్టి ఉంచింది.

"ఆయన వచ్చిన మొదటి నెలలోనే వెతికాను" అంది. "రాయగడ అనేవాడు. మా రాయ్‌గఢ్ అనుకున్నాను. అక్కడి పోలీసులకు రాశాను, కంప్యూటర్లోనూ చూశాను. అన్నీ కోట గురించే. తర్వాత ఎండలు ముదిరే ముందు ఇంకోసారి చూశాను. రెండో పేజీ చివరి దాకా చూశాను. మామూలుగా నేను అంత దూరం వెళ్లను."

"నేనూ వెళ్లను" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎండలు ముదిరే ముందు అంటే ఫాల్గుణం. అప్పటికి పద్నాలుగో పేజీలో మేమున్నాం. బంధుగాం మాట మీద మొదటి వరుసలో ఉన్నాం. ఆయన ఆ మాట రోజూ అంటూనే ఉన్నాడు. ఇవేవీ ఆమెకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

నాన్న నా మోచెయ్యి తట్టాడు. "ఆడేటైనా కష్టపడ్డాడేటి, అడుగమ్మి."

అడిగాను. లేదంది. వంటింట్లో చింతపండు గింజ తీసే పని ఇస్తే అందరికన్నా వేగంగా, ఒక్క పీచు లేకుండా చేసేవాడట. సాయంత్రం గేటు దగ్గర నిలబడి బంధు గావ్ అంటే, నీ అన్న వస్తాడు అని చెప్పి లోపలికి తీసుకొచ్చేవాళ్లట. వెంటనే వచ్చేవాడట. నాన్నకు ఇదంతా తెలుగులో చెప్పాను. నాన్న తల ఊపుతూ వింటున్నాడు. "పనికి ఆడెప్పుడూ అంతే" అన్నాడు.

రాయగడ వచ్చాక నాగావళి ఒడ్డున నాన్న కర్మ చేశాడు. అస్థికలు లేవు. చొక్కా నీళ్లలో వదిలేటప్పుడు అది వెంటనే మునగలేదు. కొంతదూరం పోయి ఒక రాయికి తట్టుకుంది. నాన్న మోకాలి లోతు నీళ్లలోకి దిగి దాన్ని విడిపించాడు.

ఆ పేజీని నేను చాలా రోజులు ముట్టుకోలేదు. రోజూ నలభై మంది వస్తూనే ఉన్నారు. ఒకరోజు నాన్న, "కనబడ్డంనేదు అని ఆడి బొమ్మ కింద ఉంటే నాకు సూడబుద్ధి కాట్లేదు, తీసీ" అన్నాడు. ఆ మాట తీసేశాను. ఫొటో ఉంచి, ఆయన లెక్చరరుగారికి చెప్పిన దుంపల పేర్లు కొన్ని రాశాను. పట్టించుకోకపోయేసరికి పేజీ కిందికి జారింది, రెండు, అయిదు, ఎనిమిది. రాకపోకలు తగ్గిపోయాయి. కొన్నేళ్లకు ఆ ఉచిత సైటు వాళ్లు మొత్తం మూసేశారు. నేను ఆలస్యంగా చూసుకున్నాను. అప్పటికి ఏమీ లేదు.

అది మూతపడక ముందే, గుణుపూర్ వైపు నుంచి ఒక రైతు కుటుంబంలో ఆడమనిషి నా దుకాణానికి వచ్చింది. ఎవరో చెప్పారట. వాళ్ల అక్క మతి చలించి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. కొంగు ముడి విప్పి ఫొటో తీసింది. "ఇంటర్నెట్‌లో ఎడితే దొరుకుతారంట గదా అమ్మా" అంది. నేను ఎత్తు అడగలేదు, చీర రంగు అడగలేదు.

"మీ అక్క ఎక్కువగా ఏ మాట అంటుంది?" అన్నాను.

ఆమె ఆలోచించి, తమ పొలాల పక్కన పారే ఒక గెడ్డ పేరు చెప్పింది. దాన్ని నాలుగు రకాలుగా టైపు చేసి పెట్టాను. వారానికే ఆ పేరు మీద మొదటి వరుసలో వచ్చింది. కౌంటరు రోజూ చూసేదాన్ని. ఆ మాట కొట్టి ఎవరూ రాలేదు. ఆవిడ ఇంతవరకు దొరకలేదు.